పొగడదండ: శ్రీనాథుని చాటువునందలి దండనీతి

శ్రీనాథుని పేరఁ బరఁగు చాటువులలో నాతని యంత్యదశను దెల్పు సీసపద్యమునకుఁ గల ప్రచారము మఱి దేనికిని లేదు. కృష్ణాతీరమందలి బొడ్డుపల్లెను గుత్తకుఁ గొని, పంట చేతికి రాక, రాజునకుఁ జెల్లింపవలసిన యేడునూఱు టంకములును జెల్లింపలేక, కవిసార్వభౌముఁడు పురవీథిలో నెఱ్ఱటి యెండలో నిలువఁబడెననియు, మెడకుఁ బొగడదండయు, భుజముపై నల్లగుండును, కాళ్లకు సంకెలలును, ముంజేతికి వెదురుగొడియయు నాతనికి నగలైనవనియు నందలి కథ. వీరేశలింగము పంతులుగారి ఆంధ్రకవులచరిత్రము మొదలుకొని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి శృంగారశ్రీనాథము (1923) వఱకు శ్రీనాథుని జీవితమును విమర్శించిన గ్రంథములలో నీ పద్యమునకుఁ దావు గలదు. భోగియై బ్రదికిన కవి తుదిదినములఁ బడిన పాట్లకుఁ జదువరి కన్నీరు పెట్టుకొనుటయు, రాజుల కృతఘ్నతను నిందించుటయు, నంతటితోఁ బద్యమును ముగించుటయు వాడుకయైనది.

ఈ పఠనము తప్పు కాదు; చాలదు. పద్యమునఁ గన్నీరున్నది గాని పద్యము నిలిచినది కన్నీటిపైఁ గాదు, లెక్కపై. శిక్ష యనునది చేసిన తప్పునకు ఫలము. శ్రీనాథుఁడు చేసిన తప్పేమి? దొంగతనము లేదు, ద్రోహము లేదు, రాజనింద లేదు. బాకీ యున్నది. అట్లయినచో నాతని మెడకుఁ దగిలినది శిక్ష కాదు. శిక్షవేషము వేసికొనిన వసూలు. దేహమును నులిమినచో నెచ్చటనో దాఁగియున్న ధనము వెలికి వచ్చునను నమ్మకమే యా పొగడదండకు మూలము. దండము నొక పట్టుగా వాడుకొనునట్టి యీ నీతిని మన సాహిత్యమున నింత సూటిగాఁ బట్టి చూపిన పద్యము మఱియొకటి లేదు. కరుణకథగా మాత్రమే చదివినచో నా సూటిదనము మఱుఁగుపడుచున్నది.

సీసమునందలి నాలుగు పాదముల నిర్మాణమును బరికింపుఁడు. ఒక్కొక్కదాని మొదటిసగమున నొక గౌరవనామము, రెండవసగమున నొక పనిముట్టు. కవిరాజను పేరు మెడకు, సార్వభౌముఁడను పేరు భుజమునకు, నైషధకర్తృత్వము పాదములకు, వీరభద్రారెడ్డి యాస్థానవిద్వత్త్వము ముంజేతికిఁ దగిలినవి. బిరుదులు మోసిన దేహమెంతయో గుండు మోసిన దేహమంతయే. ఒక యంగుళము హెచ్చు లేదు, తగ్గు లేదు. అంతకంటె విశేషము క్రియాపదములందున్నది. ఆ పనిముట్లు తన్ను బాధించినవని కవి చెప్పఁడు. ఒకటి కౌఁగిలించినదట, ఒకటి వియ్యమందినదట. ఇవి చుట్టఱికపు మాటలు. పిలువని పేరంటమునకు వచ్చి యింట దిష్ఠవేసిన బంధువులవలె నవి కవిని బట్టుకొన్నవి. విడిపించుకొనుటకు మార్గము చుట్టములను సాగనంపునట్టిదే, ఏదో ముట్టఁజెప్పవలెను. నొప్పిని నొప్పియని చెప్పక బాంధవ్యమని చెప్పుటలోఁ గవి యేడ్చుటలేదు. ఎత్తిపొడుచుచున్నాఁడు.

పొగడదండ యను మాటయే చూడుఁడు. పొగడపూల దండ సన్మానసభలో విద్వాంసుని మెడ నలంకరింపఁదగినది. నేరస్థుని మెడకుఁ దగిలించు సాధనమునకును నదియే పేరు. పొగడుట యను క్రియ యా రెంటినడుమ నిలిచి వినఁబడుచుండును. ఈ శ్లేషను గవి కష్టపడి వెదకికొనలేదు. రాజుల వాకిట వ్యవహరించు భాషయే యా వెక్కిరింతను ముందుగాఁ జేసి యుంచినది. కవి దానిని బైటఁబెట్టెను, అంతియే.

సీసము దేహము నెంత వర్ణించినదో క్రింది గీతము లెక్క నంత విప్పుచున్నది. విమర్శకులు సాధారణముగా సీసము దగ్గఱనే నిలిచిపోవుదురు; పద్యమునకుఁ బ్రాణము గీతములో నున్నది. పండిన ఫలమును గృష్ణ కొనిపోయినది. నువ్వులను బెసలను బక్షులు తిన్నవి. గుత్తకుఁ గొనుటలో మోసపోవుట జరిగినది. చెల్లింపవలసిన మొత్త మింత, ఎట్లు చెల్లింతును? ఇది విలాపము కాదు, వాఙ్మూలము. నష్టకారణములు వరుసగాఁ జెప్పఁబడినవి, బాకీ యంకెతో సహా యొప్పుకొనఁబడినది, తుది ప్రశ్న యధికారి ముందఱ నుంచఁబడినది. రెమిషను కొఱకు రైతు పెట్టుకొను నర్జీలో నింతకంటె నెక్కువ యుండదు. నువ్వులు, పెసలు వరిపొలపుఁ బంటలు కావు, మెట్టపంటలు. బెజవాడ యానకట్టకు ముందటి కృష్ణాతీరపు సేద్య మెట్టిదో యీ రెండు గింజల పేళ్లే చెప్పుచున్నవి.

ధర్మశాస్త్రములు బాకీని దండమును వేఱుగానే చూచినవి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున ఋణము రాఁబట్టుటకు ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము నను నైదుపాయములు చెప్పఁబడినవి, బలము కడపటిది. తప్పునకు విధించు దండము వేఱొక ప్రకరణము. కేతన పదుమూఁడవ శతాబ్దియందే విజ్ఞానేశ్వరీయమును దెనిఁగించి యీ విచారమును దెలుఁగువారి కందించెను గనుక, తరువాతి యాస్థానములకీ భేదము తెలియదనుటకు వీలులేదు. చిక్కెచ్చట వచ్చినదనఁగా, ఊరిని గుత్తకిచ్చిన రాజే ఋణదాత, ఆతఁడే న్యాయాధిపతి, సంకెల యాతని వాకిటనే వ్రేలాడుచుండును. ఋణదాత చేతికి సంకెల చిక్కినపిదప ఛలమునకును వ్యవహారమునకును బని యేమి? ఐదవది మొదటిదగును.

ఈ చాటువు శ్రీనాథునిది కాదని వాదించుటకుఁ గారణములు లేకపోలేదు. చాటువులు నోటనుండి నోటికి వచ్చినవి. కవి మరణకాలమును గూర్చి పండితు లేకాభిప్రాయులు కారు. కవిని బాధించినవాఁడు ఒడ్డెరాజను ప్రతీతికిఁ గాలము కుదురునా యను శంక న్యాయమైనదే. కపిలేశ్వర గజపతి సింహాసన మెక్కినది 1434 ప్రాంతము. కొండవీటిసీమ గజపతుల వశమైనది యంతకుఁ జాలకాలము పిమ్మట. అయినను బద్యము శ్రీనాథుఁడు చెప్పినదైనను, శ్రీనాథుని పేర మఱియొకఁడు చెప్పినదైనను, కృష్ణాతీరవాసులు దానిని తరతరములుగా వల్లించుట నిజము. కవిసార్వభౌముఁడంతవాఁడే బాకీకై గుండు మోసెనని వినినవారికది నమ్మదగినదిగాఁ దోఁచెను. వారిసీమలో నట్టి దృశ్య మపూర్వము కాదన్నమాట.

అది యపూర్వము కాదనుటకు సాక్ష్యము నాలుగు శతాబ్దుల పిమ్మట దొరకినది. కుంఫిణీ ప్రభుత్వమున శిస్తు రాఁబట్టుటకై రైతులను హింసించుచున్నారని 1854లో నింగ్లండు పార్లమెంటున గొడవ పుట్టఁగా, మద్రాసు రాజధానిలో నెలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు సభ్యులతో విచారణసంఘ మేర్పడినది. వారి నివేదిక 1855లో వెలువడెను. అందు శిస్తు బకాయి పడిన వారిపైఁ బ్రయోగించు పద్ధతుల పట్టిక యొకటి యున్నది. ఎండలో నిలుపుట; భోజనమునకుఁ బోనీయకుండుట; పశువులను మేఁతకు విడువకుండుట; తొడలు గిల్లుట; చెవులు మెలిపెట్టుట; బొండలో వేయుట; మెడలో నెముకల దండయో మఱియే యసహ్యవస్తువుల దండయో వేయుట. ఎండయు బొండయు మెడలోని దండయు! చాటువును బ్రక్కనఁ బెట్టుకొని యీ పట్టికను జదివినవారికిఁ బద్యమునం దతిశయోక్తి యెచ్చటనో వెదకికొనవలసి వచ్చును. హింస దేశమంతటను రెవెన్యూ పోలీసు నౌకరులచే జరుగుచున్నదని సంఘము నిర్ధారణ చేసెను. దొరలకు మాత్ర మందుఁ బాలు లేదని చెప్పి యొడ్డు చేర్చెను. ఈ రెండవ మాటను గూర్చి కారల్ మార్క్సు 1857 సెప్టెంబరున న్యూయార్కు పత్రికలో వ్రాసిన విమర్శ ప్రసిద్ధము. శిస్తు వసూలును, పోలీసు నధికారమును నొక్కచేతిలో నుండుటయే రోగమూలమని తేలఁగా 1859 నాఁటి చట్టముచేఁ బోలీసు శాఖ వేఱుపడినది. మనుస్మృతి వేఱుచేసి చూపిన రెండు ప్రకరణములను విడఁదీయుటకు మద్రాసు రాజధానికిఁ బందొమ్మిదవ శతాబ్ది సగము గడచువఱకుఁ దీఱికలేదు.

నివేదిక వెలువడిన 1855లోనే బెజవాడవద్దఁ గృష్ణకు నానకట్ట పూర్తియైనది. బొడ్డుపల్లె పంటను గొనిపోయిన నది కాలువలకు మళ్లినది. నువ్వులు పెసలు పండిన నేల వరిచేలైనది. నీటితీరువ యను నొక క్రొత్తబాకీయు దానితోఁ బుట్టినది.

తొడలు గిల్లుట యను నంశమును జూచి పాతకాలపు వీథిబడిలోఁ జదివినవారు నవ్వుకొందురు. తొడపాశము, గుంజీలు, కోదండము నను పదములు తెలుఁగు పిల్లవానికి గుణింతముతోడనే యలవడినవి. పాఠము రానివానికిఁ దొడపాశము పెట్టినచోఁ బాఠము వచ్చునని పంతులు నమ్మెను. టంకములు లేనివానికి గుండెత్తినచో టంకములు వచ్చునని రాజు నమ్మెను. లేనిదానిని నొప్పి పుట్టింపఁగలదను శాస్త్ర మొక్కటియే. బడిలో దాని పేరు విద్య, కచ్చేరిలో దాని పేరు జమాబందీ.

టంకములను గూర్చి యింకొక మాట. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో డిండిమభట్టును గెలిచి శ్రీనాథుఁడు దీనారటంకములతోఁ గనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. ఆ భుజములపైనుండి జాఱినదియు టంకమే, ఆ భుజములపై గుండెత్తి యడిగినదియు టంకమే. ఈ రెండు చాటుకథలను జంటగా నిలిపి చూచినఁ గాని శ్రీనాథచరిత్రమునకు నిండుదనము రాదు. మఱి కృష్ణాతీరమునఁ బొన్ను కురిసిన కథ యింకొకటి గలదు. బెజవాడ నేలిన మాధవవర్మ కుమారుఁడు వీథిలో రథము తోలుచుండఁగాఁ జక్రములక్రిందఁ బడి యొక బీదసాలి బిడ్డ చచ్చెను. రాజు కన్నకొడుకని చూడక మరణదండము విధించెను. ధర్మమునకు మెచ్చి దైవము కనకవర్షము కురిపించి, చచ్చిన బిడ్డను రాజకుమారుని గూడ బ్రదికించినదని స్థలపురాణము. ఇంద్రకీలాద్రిపై దుర్గకుఁ గనకదుర్గ యను పేరు వచ్చుటకు నిదియే కారణమని చెప్పుదురు. ఇది చరిత్రమా కాదా యను విచారమిచట నక్కఱలేదు. కథ కట్టినవారు దండమునకును బొన్నునకును గల సంబంధమును జక్కఁగా నెఱుఁగుదురు. మాధవవర్మ ధనము కోరి దండింపలేదు. దండించినవాని రక్తమే దండమునకు గుఱియైనది. పొన్ను మీఁదనుండి పడినది. బొడ్డుపల్లె కథలోఁ బొన్ను క్రిందనుండి పిండవలసి వచ్చినది.

ఇంత చెప్పినపిదప శ్రీనాథుని పద్యమునందలి కొఱఁతను గూడఁ జెప్పవలసియున్నది. గుత్తదారు రైతు కాఁడు. ఊరిని గుత్తకుఁ గొనినవాఁడు రైతులవద్ద వసూలు చేసి రాజునకుఁ జెల్లించి మిగిలినది తానుంచుకొనును. బొడ్డుపల్లెలో నువ్వులు చల్లిన చేతులు శ్రీనాథునివి కావు. వఱదలోఁ బంట పోయిన యా కాఁపులు గుత్తదారునకేమి చెల్లించిరి, ఎట్లు చెల్లించిరి, వారి భుజములపై నెవరేమి యెత్తిరి? పద్యము పలుకదు. తన మెడమీఁదికి వచ్చువఱకు దండనీతి కవికిఁ గవితావస్తువు కాలేదు. వచ్చినపిదపను దన దేహమునే చూచెను. తన బిరుదులనే లెక్కించెను. ఇది దోషమని కవిని దూఱుటకుఁ గాదు గాని, పద్యమును నెత్తిన బెట్టుకొనువారు గుర్తింపవలసిన హద్దు.

పరుని దేహమునకైన బాధను దమ నోటఁ బలికినవారు కృష్ణాతీరముననే మఱియొక యూర నుండిరి. కడప మండలపు మాచుపల్లె కైఫియతులో నొక వృత్తాంతము గలదు. సిద్ధవటముసీమ నేలుచున్న సమ్మెట గురవరాజు పైకము చెల్లింపలేనివారి యింటి యాఁడువారిని బట్టి తెప్పించి, వారి చన్నులకుఁ జిరుతలు పట్టించి సొమ్ము రాఁబట్టుచుండెను. ఆ త్రోవను బోవుచున్న కూచిపూడివారు దానిని జూచిరి. చూచి యూరకుండక విద్యానగరమునకుఁ బోయి వీరనరసింహరాయల (1505–1509) యెదుటఁ గేళిక కట్టిరి. ఒకఁడు గురవరాజు వేషము, ఒకఁడు భటుని వేషము, ఒకఁడు స్త్రీవేషము ధరించి జరిగినదానిని జరిగినట్లాడిరి. రాజున కర్థముగాక యడుగఁగా సంగతి తెలిసినది, సేన కదలినది, గురవరాజు పట్టువడి తల కోల్పోయెను.

ఈ వృత్తాంతమును నాట్యచరిత్రకారులు కూచిపూడి ప్రాచీనతకు సాక్ష్యముగా మాత్రమే వాడుకొనుచుండుట వింత. ఊరిపేరు దొరకినదని సంతసించి, ఆడినదేమో యాలోచింపరు. 1855 నాఁటి నివేదికలో మిక్కిలి వాడుకలో నున్న హింసాసాధనముగాఁ జెప్పఁబడినది రెండు కఱ్ఱలను నొకకొనఁ గట్టి నడుమ వ్రేళ్ల నుంచి నిమ్మకాయవలె నొత్తునది. దానికి నరవమునఁ గిట్టి యనియుఁ దెలుఁగునఁ జిరత యనియుఁ బేళ్లు వ్రాయఁబడినవి. కైఫియతు చిరుతలును నివేదిక చిరతయు నొక్కటియే యనుటకు సందేహింపఁ బనిలేదు. స్త్రీల యెడ దాని ప్రయోగముకూడ నివేదిక యెఱుఁగును. మూఁడున్నఱ శతాబ్దులు పేరు మాఱలేదు, చేత మాఱలేదు. అయితే చిరుతలనఁగా భజనలో దాళము వేయు పనిముట్టు గూడఁ గదా! పొగడదండకు వలెనే దీనికిని రెండు బ్రదుకులు. తాళమునకు వాడు మాటనే హింసకును వాడుచున్న రాజ్యములో నాటకమువారు దానిని దాళమువద్దకుఁ దిరిగి తెచ్చి రాజునకు వినిపించిరి. బిరుదులు లేనివారు గనుక వారికిఁ దమ దేహమును గూర్చి చెప్పుకొను పని పడలేదు. ఆ కేళిక పాఠము మిగులలేదు. మిగిలియుండినచో నది చాటువుకంటెఁ బెద్దకృతి యైయుండెడిది.

ఆ కూచిపూడినే గోలకొండ తానీషా యబుల్ హసను మచిలీబందరు త్రోవలోఁ జూచి, యాట చూచి మెచ్చి, 1678 ప్రాంతమున నటకుల కగ్రహారముగా నిచ్చెను. భద్రాచలపు గుడికై సర్కారు సొమ్ము వెచ్చించిన కంచర్ల గోపన్నను జెఱసాలలోఁ బెట్టించినదియు నీ తానీషాయే. ఇక్ష్వాకు కులతిలకునిఁ బిలుచుచు నారంభమగు రామదాసు కీర్తనను శ్రీనాథుని గీతముప్రక్క నుంచవలెను. ఎవరికేనగ చేయించెనో, దానికెన్ని వరహాలు పట్టెనో వరుసగా నొప్పగించిన పద్దులవి. శ్రీనాథుఁడు లెక్కను రాజునకుఁ జెప్పెను. రామదాసు రాజునకుఁ జెప్పవలసిన లెక్కను దేవునిపైఁ దిప్పెను, బాకీదారు రాముఁడాయెను. తిట్టిన పిదప రామదాసు వెనుకకుఁ దగ్గి, దెబ్బల కోర్వలేక తిట్టితినని క్షమాపణ వేఁడుకొనును. ఇది భక్తిపారవశ్యమని వ్యాఖ్యానించుట యాచారము. కాని యా మాట వాచ్యార్థముననే యెంత తీక్ష్ణముగా నున్నది! దెబ్బలక్రిందఁ బలికినమాట పలికినవానిది కాదని నిందితుఁడు తానే చెప్పుచున్నాఁడు. పట్టుగాఁ బ్రయోగించిన దండమునకు ఫలముగా వచ్చినది ధనమైన నేమి, మాటయైన నేమి, దాని విలువను గూర్చి యింత నిక్కచ్చిగాఁ దీర్పు చెప్పినవారు మన వాఙ్మయమున నరుదు.

తానీషా మెచ్చిన యూరివారికి భామాకలాపము కులధనము. సిద్ధేంద్రుని పేరఁ జెల్లు నా కలాపములో నీ దండనీతియే నవ్వులాటగా మాఱినది. అలిగి పోయినవాఁడు కృష్ణుఁడు. రాకపోవుటయే యాతఁడు విధించిన శిక్ష. విరహమునఁ గ్రాఁగుచున్న సత్యభామ యుత్తరము పంపఁదలఁచును. మాధవి చేతిలో నున్నది రాకపోకల త్రోవ. కావున నామె బేరము పెట్టును. హారమిత్తునన్న నొల్లదు, వడ్డాణమిత్తునన్న నొల్లదు, సువాసిని తీయరాని ముక్కెరయే కావలెనట. గుత్తదారు లేఁడు, భటుఁడు లేఁడు, గుండు లేదు. చెలికత్తె నవ్వుచు నడుగుచున్నది. సత్యభామ ముక్కుమీఁదికిఁ జేయి పోనిచ్చి, తీయక, మరల దించుకొని, మరలఁ బోనిచ్చుచుండఁగాఁ బందిటిలోని యాఁడువారు ముందుగా నవ్వుదురు.